అసిరి వేలి గుంట

పల్లేరు ముల్లుకు ఇంకా మర్యాద లేని కాలం అది. కోటలో ఉన్నవాడే మనిషి, కోట బయట ఉన్నది మంద అని చెప్పుకున్న కాలం. అప్పుడు కొండ కింద ఒక కోట. కోటలో ఒక దొర. ఆ దొర మూత్రపు కుండ ఎత్తే మనిషి అసిరి.

పొద్దున్నే ఎత్తేది, పారబోసేది, కడిగేది. మళ్ళీ ఎత్తేది, పారబోసేది, కడిగేది. కోటలో ఎవరూ ఆమె ముఖం చూడలేదు. ఆమె మాత్రం కుండలోకి చూసేది.

ఒక ఏడు దొర కాళ్ళు వాచాయి. కుండ అడుగు తడవడమే గగనమైంది. వైద్యుడు ఏదో కషాయం కాచి పోశాడు. మొదటి రోజు కుండ పావు నిండింది. రెండో రోజు సగం. మూడో రోజు అంచుదాకా. వాపు దిగింది. పారబోసిన చోట నేల ఎండి తెల్లగా ఉప్పు పేరింది. మేకలు వచ్చి నాకాయి.

"ఉప్పు బయటికి నడిస్తే, నీరు దాని వెంటే నడిచింది," అనుకుంది అసిరి.

వైద్యుడేమో "బంగారు భస్మం మహిమ" అన్నాడు. కానీ కషాయం పిప్పి పారేసేదీ అసిరే. పిప్పిలో ఉన్నవి పల్లేరు కాయలు. రోజూ ఆమె అరికాళ్ళలో దిగేవే.

ఆ వానాకాలం ఆమె పెనిమిటి ఎరకయ్య కాళ్ళూ అలాగే వాచాయి. అసిరి పల్లేరు కాచి పోసింది. మూడో రోజుకు వాపు దిగిపోయింది. ఇక వాడలోని జనమంతా ఆమె గుమ్మం ముందు నిలబడ్డారు. ఒకడు వాపు లేకుండానే ఆశకొద్దీ తాగాడు. ఒంటికి కావలసిన నీరు కూడా పోయి, పిక్కలు పట్టేసి పడిపోయాడు. అప్పటినుంచి అసిరి ముందు చీలమండ పైన బొటనవేలితో నొక్కేది. గుంట నిలిస్తే మందు. నిలవకపోతే, "ఇంటికి పో, అన్నా."

సంగతి కోటకు చేరింది. దొర పిలిపించాడు.

"కుండలెత్తేదానివి. వైద్యం ఎవరు నేర్పారే?"

"మీ కుండే నేర్పింది దొరా. మీ ఒంట్లో ఏముందో మీ వైద్యుణ్ణి చెప్పుకోనీండి. ఏం పోయిందో నేను చెప్తాను."

"ఇక కాచనని ఒట్టెయ్యి."

"వెయ్యను."

మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ "వెయ్యను" అంది.

దొర ఊళ్ళో పల్లేరంతా పీకించి తగలబెట్టించాడు. అసిరినీ ఎరకయ్యనూ ఏరు దాటించాడు. ఆమె వట్టికాళ్ళతో నడిచింది. అవతలి ఒడ్డున కూర్చుని, ఏటి దారిలో అరికాళ్ళలో దిగిన కాయల్ని ఒక్కొక్కటే పీకి నేలలో నొక్కింది. వానకు అవి మొలిచాయి.

మరుసటి ఏడు దొర మళ్ళీ వాచాడు. వైద్యుడికి ఊరంతా వెతికినా ఒక్క కాయ దొరకలేదు. పల్లకీ ఏరు దాటింది. అసిరి గుడిసె ముందు అప్పటికే ముగ్గురు కూలీలు ఉన్నారు.

"వరసలో కూర్చోండి దొరా," అంది అసిరి.

కూర్చున్నాడు, రొప్పుతూ. వంతు వచ్చింది.

"కాలు చాపండి."

"నువ్వు నన్ను ముట్టుకుంటావా?"

"వేలు పెట్టి చూడకుండా మందు పొయ్యను. వద్దంటే పల్లకీ అక్కడే ఉంది."

వెనక నుంచి ఒక కూలీ అన్నాడు: "మా కాళ్ళు నొక్కిన వేలే దొరా. మావేం ఊడిపోలేదు."

దొర కాలు చాపాడు. అసిరి నొక్కింది. గుంట నిలిచింది. ముందు కూర్చున్న కూలీల కాళ్ళ మీద పడ్డంత లోతే, వెంట్రుకవాసి ఎక్కువ కాదు.

అసిరి పోయి ఎన్ని తరాలైందో లెక్క లేదు. దొర పేరేమిటో అడిగితే ఆ వైపు ఎవరికీ తెలియదు. కోట గోడల మీద పల్లేరు పాకింది. అక్కడ ఎవరి కాళ్ళు వాచినా, "అసిరి గుంట పడిందా?" అని ముందు నొక్కి చూస్తారు. పల్లేరు గుచ్చుకుంటే తిట్టరు. పీకి, నేలలో నొక్కి పోతారు. ఎవడైనా వచ్చి "నేనెవరో తెలుసా?" అని గద్దిస్తే, అరుగు మీది ముసలమ్మ కూడా లేవదు.

"కాలు చాపు, చూద్దాం," అంటుంది.