వాగు పని కోరుకున్న నెమలి

అనగనగా ఒక అడవిలో సలహాలు చెప్పి బతికే జట్టు ఒకటి ఉండేది. ఎవరికి ఏ చిక్కు వచ్చినా ఆ జట్టుకే కబురు పెట్టేవారు. జట్టు నుంచి ఇద్దరో ముగ్గురో వెళ్ళి, చూసి, విని, ఇలా చేయండని చెప్పి వచ్చేవారు. ఏ పనికీ పిలుపు రాని కొత్తవాళ్ళు మాత్రం ఒక ఎండు దుంగ మీద కూర్చుని ఎదురుచూడాలి. అది అక్కడి పద్ధతి.

ఆ ఏడు దుంగ మీదికి ఇద్దరు కొత్తగా చేరారు. ఒకడు పింఛయ్య అనే నెమలి. ఇంకొకతె చిట్టెమ్మ అనే కౌజుపిట్ట. ఇద్దరి ఆశా ఒకటే, వాగు పని. ఎండాకాలం వస్తే వాగు నీళ్ళ కోసం అడవంతా కొట్టుకుంటుంది. ఆ తగువు తీర్చడానికి వెళ్ళినవాళ్ళకే జట్టులో పేరు. వెళ్ళనివాళ్ళను మళ్ళీ ఏడాది దాకా పలకరించే దిక్కుండదు.

మరి పింఛయ్య తన ఆశ ఎవరికైనా చెప్పాడా? అబ్బే! చెప్తే చిన్నతనమట.

"నా పింఛం చూస్తే తెలియదూ, నేను ఎంత పనికి తగినవాణ్ణో! వాళ్ళే వచ్చి బతిమాలుకోవాలి" అనుకున్నాడు.

రోజూ జట్టుకు పెద్దయిన ఎలుగుబంటి గుహ ముందుకు పోయి పురివిప్పి ఆడేవాడు. ఎలుగు పెద్దయ్య "భేష్, భేష్" అని ఆవలించి పడుకునేవాడు. వాగు పనికి ఎవరు వెళ్ళాలో చెప్పేది ఆయన కాదు, తాబేలమ్మ. ఆ సంగతి ఈ మహానుభావుడు కనుక్కుంటేగా!

చిట్టెమ్మ కనుక్కుంది. నేరుగా తాబేలమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అత్తా, నాకు వాగు పని చెయ్యాలని ఉంది. ఏం నేర్చుకోమంటావు?" అని అడిగింది.

"ముందు కప్పల గుంటలు చూసి రా. వాగు ఎటు ఎండుతుందో అక్కడే తెలుస్తుంది" అంది తాబేలమ్మ.

"నువ్వూ రా అన్నా" అని చిట్టెమ్మ పింఛయ్యను పిలిచింది.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల! నాలాంటివాడు కప్పలతో మాట్లాడతాడా?" అన్నాడు పింఛయ్య.

తర్వాత చేపల గోల వినడానికి పిలిచింది. కంపు పడదన్నాడు. ఆ తర్వాత అడవిదున్నల రేవు చూడటానికి పిలిచింది. తోక నలుగుతుందన్నాడు. చిట్టెమ్మ ఒక్కతే వెళ్ళొచ్చి, చూసిందంతా తాబేలమ్మకు చెప్పేది.

ఎండలు ముదిరాయి. వాగు దగ్గర కొట్లాట మొదలైంది. తాబేలమ్మ దుంగ దగ్గరికి వచ్చింది. పింఛయ్య మెడ సాచి నిలబడ్డాడు.

"చిట్టెమ్మా, పద" అని తాబేలమ్మ వెనుదిరిగింది.

పింఛయ్యకు తల కొట్టేసినట్టయింది. గుహకు పరుగెత్తాడు.

"ఇదేం అన్యాయం పెద్దయ్యా! వాగు పని నాది!"

"నీదా? నీకు కావాలని ఎవరితో చెప్పావు?"

"చెప్పాలా?"

"అడగందే అమ్మయినా పెట్టదురా! పోనీ, అడగలేదు సరే. నువ్వు చేసిన పని ఒక్కటి చెప్పు" అన్నాడు పెద్దయ్య.

పింఛయ్యకు ఏడుపు వచ్చింది.

"ఏడవకు. నీ ఆట నాకు బాగా నచ్చింది. నీకు తగ్గ పని నా దగ్గరే ఉంది" అన్నాడు పెద్దయ్య.

ఆ రోజు నుంచి గుహ ముందు నిలబడి, వచ్చేపోయేవాళ్ళకు పురివిప్పి స్వాగతం చెప్పడమే పింఛయ్య పని అయింది. వాగు తగువు తీర్చి వచ్చిన చిట్టెమ్మకు కూడా వాడే పురివిప్పాడు.

నీతి: కోరిన పని కావాలంటే అది ఇచ్చేవారెవరో కనుక్కుని నోరు తెరిచి అడగాలి, దానికి దారితీసే చిన్న పనులు ముందే చెయ్యాలి, ఊరికే ఒళ్ళు చూపిస్తే ఒళ్ళు చూపించే పనే దక్కుతుంది.