బందెలదొడ్డిలో పెయ్య

ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పకుండా పని చెప్పడం గెడ్డ గురువుగారి అలవాటు. కొండల్లోంచి దిగే గెడ్డ ఒడ్డున ఆశ్రమం కట్టుకున్నారు కాబట్టి ఆయనకి ఆ పేరొచ్చింది. మోక్షమంటే ఏమిటని అడిగిన ఒకాయన చేత నెల్లాళ్లు పశువులపాక తుడిపించారట. అందుకే అక్కడ శిష్యులకి కొదవ లేకపోయినా ప్రశ్నలు మాత్రం బహు తక్కువ.

దాలినాయుడు అడిగాడు. అడక్క తప్పలేదు పాపం.

ఆయనకి బియ్యం మిల్లుంది, ఊళ్లో పరువుంది. భార్య పోయింది, ఆమెకి పిల్లల్లేరు. పక్క ఊళ్లో మాత్రం వరహాలనే పదేళ్ల పిల్ల ఉంది. దాని తల్లి రాజులమ్మ ఆయన మిల్లులో ధాన్యం ఎండబోసే మనిషి. ఆ పిల్ల ఎవరి బిడ్డో ఊరందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు, నాయుడు అసలే అనలేదు. కిందటేడు రాజులమ్మ జ్వరంతో పోతే పిల్లని అమ్మమ్మ తీసుకుంది. బియ్యం, బట్టలు, బడి ఖర్చు అన్నీ నాయుడే పంపేవాడు. మిల్లులో ఎవరైనా ఆరా తీస్తే, దిక్కులేని పిల్ల, జాలేసి చూస్తున్నానని చెప్పేవాడు. అప్పుడప్పుడు వెళ్లి చూసొచ్చేవాడు కూడా. ఆయన్ని చూడగానే ఆ పిల్ల లేచి నిలబడి, నాయుడుగారొచ్చారని లోపలికి కేకేసి, తడిక చాటుకి తప్పుకునేది. ఆ పూట ఇంటికొచ్చాక ఆయనకి అన్నం సయించేది కాదు. అంత ఇంట్లో ఒక్కడే కూచుని, కంచం అలాగే తోసేసి లేచేవాడు.

ముసలమ్మకి చూపు మందగించింది. రేపు తను పోతే ఈ పిల్ల ఎవరిదని అడిగినవాళ్లకి చెప్పడానికి ఒక తండ్రంటూ ఉండాలని కోర్టులో దావా వేసింది. వాయిదా నాడు జడ్జిగారు అడుగుతారు, ఈ బిడ్డకి తండ్రివి నువ్వేనా అని. అవునంటే ఆ పిల్లకి చట్టప్రకారం తండ్రి దొరుకుతాడు. కాదంటే ఆ ముసలిది ఎంతకాలమని పోరాడగలదు? అవుననడానికి నాయుడికి అన్నదమ్ములు అడ్డం, కులపెద్దలు అడ్డం, అందరికంటే ముందు ఆయన సిగ్గే అడ్డం. ఇంట్లో ఉండలేక ఆశ్రమానికొచ్చి పడ్డాడు.

"స్వామీ, తిండికీ బట్టకీ లోటు చెయ్యలేదు. నా బిడ్డేనని నా మనసుకి తెలుసు, దేవుడికి తెలుసు. అది చాలదా? పదిమందిలో నోరు విప్పి చెప్పాలా?"

గురువుగారు సావధానంగా విన్నారు. విని, ఆశ్రమం పెయ్య సంగతెత్తారు. ముందురోజు అది పలుపు తెంపుకుని గౌరీసనే రైతు చోడిచేలో పడితే, అతను బందెలదొడ్డికి తోలేశాడు. అక్కడి పద్ధతి అందరికీ తెలిసిందే. పంట మేసిన పశువుని ఆ దొడ్లో పెడతారు. దాని యజమాని స్వయంగా వచ్చి, చేను నష్టపోయినవాడి ఎదుట ఇది నాదేనని ఒప్పుకుని, పడాల్సిన చీవాట్లు పడి, జరిమానా కట్టి విడిపించుకోవాలి. గడువులోగా ఎవరూ రాకపోతే వేలం వేసేస్తారు.

"రోజూ వెళ్లి దానికి గడ్డి వెయ్యి. లోటు రానీకు. మనదని మాత్రం ఎవరితోనూ అనకు" అన్నారు గురువుగారు.

ఓస్, ఇంతేనా అనుకున్నాడు నాయుడు. పచ్చగడ్డి మోపు కట్టించి, గోడ మీంచి లోపలికి వేశాడు. కాపలా ఉండే తవిటయ్య చుట్ట పక్కకి తీసి, "మీదేనేటి బాబూ?" అని అడిగాడు.

"కాదు. జాలేసి తెచ్చాను."

అనేశాక గబగబా వెనక్కి తిరిగాడు. ఆ మాట ఆయన నోటికి కొత్తది కాదు మరి.

రోజూ వెళ్లాడు. పొద్దు వాలేవేళకి పశువులవాళ్లు వచ్చేవారు. తిట్టేవారు, తిట్టించుకునేవారు, వీపు మీద ఒకటి చరిచి తమదాన్ని తోలుకుపోయేవారు. తలుపు చప్పుడైన ప్రతిసారీ పెయ్య మెడ చాచి చూసేది. వచ్చినవాడు తనకోసం కాదని తెలిశాక మళ్లీ మూలకి పోయి నిలబడేది. మొదట్లో నాయుడి అడుగుల చప్పుడుకి గోడ దగ్గరికి పరుగెత్తుకొచ్చేది. రానురాను అదీ మానేసింది. గడ్డి వేస్తాడు, పోతాడు, అంతేగా. వేసిన గడ్డి వేసినట్టే వాడిపోతోంది. చివరికి దొడ్లో అదొక్కటే మిగిలింది. మొదటిరోజు నుంచీ అరుస్తూనే ఉంది, ఇప్పుడైతే ఆశ్రమం దాకా వినపడేలా ఒకటే అరుపు. గోడ ఇవతల నిలబడ్డ నాయుడికి వెళ్లబుద్ధి కాలేదు, ఉండబుద్ధీ కాలేదు.

వేలం రోజొచ్చింది. మర్నాడే కోర్టు వాయిదా. పదిమంది పోగయ్యారు, గౌరీసూ వచ్చాడు. సంతల్లో పశువుల్ని కొని ఎక్కడెక్కడికో తోలే బేరగాడొకడు చంకన పలుపుతాడు పెట్టుకుని నిలబడ్డాడు. తవిటయ్య ఆఖరుసారి కేకేశాడు, ఇది ఎవరిదని. ఎవరూ పలకలేదు. బేరగాడి పాటకి పైపాట లేదు. వాడు మెడకి పలుపు వెయ్యబోతుంటే పెయ్య వెనక్కి వెనక్కి జరిగి, గోడవతలున్న నాయుడికేసి చూసింది. అరవలేదు ఈసారి. నిలబడి చూసిందంతే.

"అది నాది" అన్నాడు నాయుడు.

గౌరీసు ఊరుకుంటాడా? మిల్లు గల మారాజువి, ఇన్నాళ్లూ గోడ చాటున గడ్డేసి పోయావు, నీదని చెప్పడానికి నోరు పెగల్లేదా అని అందరి ముందూ కడిగేశాడు. నాయుడు తలొంచుకుని నిలబడి అన్నీ పడ్డాడు. కాసేపటికి గౌరీసుకి తిట్లు అయిపోయాయి. చూడవచ్చినవాళ్లు ఎవరి పనిమీద వాళ్లు పోయారు. జరిమానా కట్టి నాయుడు బయల్దేరితే, పెయ్య పలుపు లేకుండానే వెంట నడిచింది. దారిలో గట్టు మీది ఎండుగడ్డి ఆబగా కొరికింది.

ఆశ్రమంలో గురువుగారు అరుగు మీద కూచునున్నారు. నాయుడు చేతులు కట్టుకుని, మీ మాట తప్పాను, నాదని చెప్పేశానని ఒప్పుకున్నాడు. పొద్దున్న మొదటి బస్సులో కోర్టుకి వెళ్లడానికి సెలవిమ్మన్నాడు.

గురువుగారు పెయ్యని దగ్గరికి తీసి గంగడోలు నిమిరారు.

"గడ్డికి లోటు చెయ్యలేదు కదా నాయనా?"

"లేదు స్వామీ. కడుపునిండా వేశాను."

"మరి అన్నాళ్లూ ఎందుకరిచిందంటావు?" అన్నారు గురువుగారు.