ఎలియాజరు బదులు ఎవరు?

ఒకప్పుడు తూర్పు సముద్రపు ఒడ్డున వేలానగరమనే చిన్న రాజ్యం ఉండేది. దాన్ని ప్రచండసేన మహారాజు ఏలేవాడు. ఆయన చెడ్డవాడు కాదు గానీ, తన గొప్ప తాను వినకపోతే పూట గడిచేది కాదు. సభలో ఎవరు నోరు తెరిచినా ముందుగా "తమవంటి రాజు భూమ్మీద లేడు" అనాలి. ఆ తర్వాతే అసలు సంగతి చెప్పుకోవాలి.

ఆ కొలువులో కొమ్మన అనే మాటకారి ఉండేవాడు. అతనూ ఆ ముక్క అనేవాడు. కాకపోతే అనేముందు ప్రతిసారీ చిన్నగా దగ్గేవాడు.

ఒక ఏడు యవన వర్తకుల ఓడలో ఎలియాజరు అనే ముసలాయన వచ్చాడు. ఆయనది యూదుల దేశం. యేసు అనే గురువుకు శిష్యుడు. ఆ గురువును సిలువ వేసి చంపారనీ, మూడోనాడు ఆయన సమాధిలోంచి లేచాడనీ, ఆ కబురు లోకమంతా చెప్పమని తమను పంపాడనీ ఎలియాజరు చెప్పేవాడు. అలా పంపబడినవాళ్ళను ఆ మతంవాళ్ళు అపొస్తలులు అంటారు.

ఆయన వచ్చిన కొన్నాళ్ళకే ఉప్పు పండించేవాళ్ళ పాలెంలో విషజ్వరం పుట్టింది. కాళ్ళలో సత్తువ ఉన్నవాళ్ళు పారిపోయారు. రాజు కోట తలుపులు మూయించాడు. వైద్యులు కోటలోనే ఉండిపోయి, గోడమీద నుంచి పథ్యం చెప్పారు.

ఎలియాజరు మాత్రం కడవ భుజాన వేసుకుని పాలెంలోకి నడిచాడు. నీళ్ళు మోశాడు. గంజి కాచి తాగించాడు. ఎవరూ ముట్టుకోని ఒళ్ళు కడిగాడు, చనిపోయినవాళ్ళను తన చేతులతో పూడ్చాడు. పొద్దువాలితే వాళ్ళ మధ్య కూర్చుని ప్రార్థన చేసేవాడు. బతికి బట్టకట్టినవాళ్ళు కొందరు, "మమ్మల్ని చూడడానికి వచ్చింది యేసు ప్రభువు మనిషి ఒక్కడే. ఇక ఆయనే మా రాజు" అనడం మొదలుపెట్టారు.

ఆ మాట మహామంత్రి భైరవభట్టు చెవిన పడింది. ఆయన పరుగున సభకు వచ్చాడు.

"ప్రభూ, తమవంటి రాజు భూమ్మీద లేడు. కానీ ఓడలో వచ్చిన పరదేశి మాట విని, పాలెంవాళ్ళు ఇంకొకడు ఉన్నాడంటున్నారు."

రాజు మొహం ఎర్రబడింది. "ఆ పరదేశిని పట్టుకురండి" అన్నాడు.

భటులు వెళ్ళారు గానీ, పాలెం పొలిమేరలోనే ఆగిపోయి దూరంనుంచి కేక వేశారు. ఎలియాజరు గుడిసెలోంచి తల బయటపెట్టి, "కాస్త ఆగండి నాయనా, ఈ అవ్వ గంజి తాగనివ్వండి" అన్నాడు. వాళ్ళు ఆగారు. లోపలికి వెళ్ళి లాక్కురావడం కంటే అదే నయమనిపించింది వాళ్ళకు. కాసేపటికి ఆయనే చేతులు కడుక్కుని వచ్చి, వాళ్ళ ముందు నడిచాడు.

ఆయన సభలోకి అడుగుపెట్టగానే పండితులంతా ఉత్తరీయాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడవారగా జరిగారు.

"నీ రాజు గొప్పవాడా, నేను గొప్పవాడినా?" అని రాజు అడిగాడు.

ఒక్కసారి 'తమరే' అంటే చాలు, ముసలాయన ప్రాణాలతో బయటపడతాడు. కొమ్మన దూరంనుంచి ఆ మాట పెదవులతో చూపించాడు. ఎలియాజరు అతనివైపు చూసి, అభిమానంగా తల అడ్డంగా ఊపాడు.

"మహారాజా, ఈ దేశానికి రాజు మీరే. అందుకే మీరు పిలవగానే వచ్చాను. యేసు ప్రభువు భూమికీ ఆకాశానికీ రాజు. ఆయన మీకంటే గొప్పవాడు. కాదని చెప్పి నేను బతకలేను" అన్నాడు నెమ్మదిగా.

"పొద్దు గుంకేలోగా వీడి తల తీయండి" అన్నాడు రాజు.

ఎలియాజరు చేతులు జోడించాడు. "మీ చిత్తం. నాది ఒక్కటే మనవి. నా బదులు పాలేనికి ఎవరినైనా ఇప్పుడే పంపండి. వాళ్ళకు నీళ్ళు అందించే వేళయింది."

ఆ మాట వినగానే కొమ్మన లేచాడు. ఈసారి దగ్గలేదు.

"ప్రభూ, శిక్ష సబబే. కానీ ఒక చిక్కుంది. కొలువులో ఒకరిమీద ఒకరు చాడీలు చెప్పుకుంటున్నారని నిరుడు తమరే శాసనం వేయించారు. ఎవడి ఫిర్యాదు వల్ల ఒక పనివాడు పోతాడో, ఆ పని వాడే నెత్తిన వేసుకోవాలని. ఇప్పుడు ఫిర్యాదు చేసింది మహామంత్రిగారు."

భైరవభట్టు ఉలిక్కిపడ్డాడు. "వీడు మన కొలువులో పనివాడు కాదు గదా."

"పాలెం ఎవరిదండీ?"

"ప్రభువులవారిది."

"అక్కడి జనం?"

"ప్రభువులవారి జనమే."

"అయితే వాళ్ళకు దాహం తీర్చడం ప్రభువులవారి పనే. ఇన్నాళ్ళూ ఈ పెద్దాయన చేస్తున్నాడు. కడవ తెప్పిస్తాను మహామంత్రీ, బయలుదేరండి."

భైరవభట్టుకు అప్పటికప్పుడు నడుము పట్టేసింది. సేనాపతి వెళ్ళవచ్చు కదా అన్నాడు. సేనాపతి, సరిహద్దులో తనతో పని ఉందన్నాడు. రాజవైద్యుడు అప్పటికే స్తంభం చాటున ఉన్నాడు. రాజు ఒక్కొక్కరి మొహమే చూస్తూ వచ్చాడు. ఎవరిని చూస్తే వాళ్ళు నేల చూశారు. రోజూ తన గొప్పను గొంతెత్తి పాడేవాళ్ళు వీళ్ళే.

ఆయన చివరికి ఎలియాజరు వైపు తిరిగాడు.

"నేను ఆజ్ఞాపిస్తే ఒక్కడూ కదలడం లేదు. నీ రాజు ఏం భయపెట్టి నిన్ను అక్కడికి పంపాడు?"

"ఆయన భయపెట్టలేదు మహారాజా. మా ఊళ్ళో ఒక కుష్ఠురోగి ఉండేవాడు. కన్నతల్లి కూడా అతన్ని తాకేది కాదు. నా కళ్ళముందే మా ప్రభువు చెయ్యి చాచి అతన్ని పట్టుకున్నాడు. ఆయన ముందు వెళ్ళాడు. నేను వెనకాల వెళ్తున్నాను, అంతే."

రాజు కొమ్మన వైపు చూశాడు. "అయినా నా నేలమీద పరాయి రాజు మనిషిని ఉండనిస్తే నా పరువేం కావాలి కొమ్మనా?" అన్నాడు.

"పరాయి రాజు దండెత్తితే మన మనుషుల్ని చంపుతాడు ప్రభూ. ఈయన తన మనిషిని పంపి మన వాళ్ళను బతికిస్తున్నాడు. ఇలాగే ఇంకో నాలుగుసార్లు దండెత్తమని మనమే కబురు పెట్టాలి."

రాజు ఆపుకోలేక నవ్వాడు. కిరీటం పక్కకు జరిగేదాకా నవ్వాడు. శిక్ష రద్దు చేసి, తన భుజంమీది పట్టుశాలువా తీసి కొమ్మనకు కప్పాడు. రాజవైద్యుణ్ణి స్తంభం చాటునుంచి రప్పించి, మూలికలతో పాలేనికి పంపాడు. భైరవభట్టును నీళ్ళ బళ్ళతో పంపాడు. బండిమీద కూర్చోగానే ఆయన నడుము నొప్పి తగ్గిపోయింది.

ఎలియాజరు సెలవు తీసుకుని వెళ్ళబోతుంటే రాజు పిలిచాడు.

"పెద్దాయనా, ప్రాణం దక్కింది కదా. ఇకనైనా మీ రాజు నాకంటే గొప్పవాడని చెప్పడం మానేస్తావా?"

"మానలేను మహారాజా."

రాజు మళ్ళీ నవ్వాడు. "సరే, చెప్పుకో. కోట దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం కాస్త మెల్లగా చెప్పు."