నక్క చెవుల మధ్య చాకిరేవు

గోదారి నడుమ ఒక లంక, ఆ లంక మీద జంతువుల పిల్లలకి ఒక బడి. ఎక్కాలూ పద్యాలూ అందరికీ ఒకటే గానీ, మీసం మొలిచే వయసు పిల్లలకి మాత్రం ఒక పాఠం అదనంగా ఉండేది. పుట్టుకతోనే మీసాలున్నవాళ్ళ సంగతి వదిలెయ్యండి. ఆ పాఠం పేరు పడవ.

నేర్పేది పోలమ్మ టీచరు. ఆవిడ గేదె. మెడదాకా నీళ్ళలో నిలబడి నెమరేస్తూ, ఆ నెమరు లెక్కకే పిల్లలచేత తెడ్లు వేయించేది. దవడ ఇటు తిరిగితే తెడ్డు ముంచాలి, అటు తిరిగితే లాగాలి. మొదటి మూడు నెలలూ అసలు నీళ్ళే తగలనివ్వలేదు. ఇసకలో వరసగా కూచోబెట్టి, ఉత్త గాలిలో లాగించింది.

"ఇదేం చదువండీ, పిల్లలు ఇసకలో పడవ నడపడం?" అని తల్లిదండ్రులు అడిగితే, ఆవిడ నెమరు ఆపకుండానే జవాబు చెప్పేది.

"ఎదిగే ఎముకలండీ ఇవి. మొక్కై వంగనిది మానై వంగదు, నిజమే. వంచుతున్నాం గదా అని మొక్కని విరిచేస్తామా?"

గిట్టలతో తెడ్డు ఎలా పడతారని నన్నడక్కండి. గేదె టీచరైతే నమ్మినవాళ్ళు, మేకపోతు తెడ్డేస్తే నమ్మలేరా?

ఆ పడవలో ఒక చిత్రం ఉంది. తెడ్డు వేసేవాళ్ళు నలుగురూ పడవ పోయే వైపుకి వీపు పెట్టి కూచుంటారు. ముందేముందో వాళ్ళకి కనపడదు, వదిలొచ్చిందే కనపడుతుంది. ముందు చూసేది వెనక కొసన చుక్కాని పట్టుకు కూచున్నవాడొక్కడే. ఆ పనికి తేలికైనవాడూ తెలివైనవాడూ కావాలని, లంకలో నక్క మామని పెట్టారు. మామ పేరు సన్యాసయ్య. పేరుకే సన్యాసి, పీతలంటే మాత్రం ప్రాణం.

చుక్కానికి ఎదురుగా కూచునేది మొదటి తెడ్డు. వెనక ముగ్గురూ ఆ తెడ్డుని చూసే తమ తెడ్లు వేస్తారు. ఆ చోటు రేవతిది. రేవతి గాడిద పిల్ల. చాకిరేవులో పుట్టింది కాబట్టి రేవతి.

"నా వీపు అరిగింది చాలు. నువ్వు తెడ్డు పట్టుకో" అని తల్లే పంపించింది. రేవతి వచ్చి రెండు వానాకాలాలు దాటిపోయాయి. లంక నుంచి చూస్తే ఆమె ఊరు కనపడదు, రెల్లు అడ్డం. పడవ నడిగోదాట్లోకి వచ్చి ఎగువకి తిరిగాక మాత్రం, దూరంగా దిగువ మలుపు దగ్గర సన్నటి తెల్ల గీత కనిపిస్తుంది. అవి ఆరేసిన చీరలూ దుప్పట్లూ. ఆ బట్టల పక్కనే ఎక్కడో అమ్మ ఉంటుంది.

బళ్ళో అందరూ ఆమెకి చెప్పేది ఒకటే మాట. "అస్తమానం వెనక్కి చూడకే, ముందుకి చూడు." పడవలో ఆ బాధ లేదు. వెనక్కి చూస్తూ కూచోవడమే అక్కడ పని. రేవతి రోజూ అందరికన్నా ముందొచ్చి పడవ దగ్గర నిలబడేది అందుకే. పడవ తిన్నగా పోతుంటే ఆ తెల్ల గీత సరిగ్గా నక్క మామ రెండు చెవుల మధ్యకి వచ్చేది. పడవ ఏ కాస్త వంకర తిరిగినా ఒక చెవి దాటి పక్కకి జరిగిపోయేది.  మళ్ళీ గీత చెవుల మధ్యకి వచ్చేదాకా ఆమెకి ఊపిరాడేది కాదు.

ఆ ఏడు ఎగువలంక బడి పిల్లలతో పందెం పెట్టారు. రెండు లంకలకీ కలిపి పడవబడి ఒకటే చాలని ఏటి పెద్దలు తేల్చేశారు. గెలిచిన పిల్లలు ఉండిపోయి ఇంకో రెండేళ్ళు నేర్చుకోవాలి. ఓడినవాళ్ళు ఎవరిళ్ళకి వాళ్ళు పోవాలి.

పందేనికి ముందురోజు మధ్యాహ్నం రేవతి ఒడ్డున బోర్లించిన పడవ అడుగున పాచి గీకుతోంది. సన్యాసయ్య వచ్చి పక్కనే చతికిలబడ్డాడు.

"ఏంటే అమ్మాయ్, చిక్కిపోయావు?"

"లేదు మామా."

"నాకు తెలీదా? పడవెక్కిన కాణ్ణుంచీ దిగేదాకా నా మొహమే చూస్తా కూచుంటావు. నా అందం అంత గొప్పదేం కాదని మా ఆవిడ రోజూ చెప్తానే ఉంటది. నా చెవుల మధ్య నుంచి మీ చాకిరేవు చూస్తన్నావు గదా?"

రేవతి గీకడం ఆపేసింది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని మాట నక్క నోట వినేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మా అమ్మ కనపడదు మామా. బట్టలే కనపడతాయి" అంది.

"పిచ్చిదానా! రేపు గెలిచావనుకో, ఇంకో రెండేళ్ళు ఆ బట్టల్నే చూస్తా కూచోవాలి. ఓడావనుకో, ఎల్లుండి పొద్దుటికి మీ అమ్మ పక్కన ఉంటావు. నువ్వు చెయ్యాల్సిందల్లా ఒక్కటే. రేపు సగం దూరం పోయాక నేను తుమ్ముతాను. అప్పుడు నీ తెడ్డు నాలుగు నెమర్ల సేపు గాల్లో ఆపు. అంతే. తుమ్మితే ఎవరైనా కాస్త ఆగుతారు, తప్పేముంది? శాస్త్రమే చెప్పింది."

"నీకేంటి లాభం మామా?"

"నాకేముంటదే? పిల్లదాని ఏడుపు చూళ్ళేక. వసుదేవుడంతటివాడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడు, నేనెంత?" అంటూ నిజంగానే ఆమె కాళ్ళు ముట్టుకున్నాడు.

అసలు సంగతేంటంటే, ఎగువలంక కొంగ పంతులు సన్యాసయ్యకి రోజుకో బుట్టెడు పీతలు ఒప్పుకున్నాడు. ఆ మాట పొరపాటున కూడా మామ నోటినుంచి జారలేదు.

 ఔననే మాట రేవతి నోటిదాకా వచ్చి ఆగింది. మామ లేచి వెళ్ళాక తోటి తెడ్డు పిల్లలు ముగ్గురూ నీళ్ళలో ఈది, ఒళ్ళు విదిలించుకుంటూ వచ్చారు. మేకపోతు చుక్కన్న, కోతి కొండయ్య, పంది పిల్ల వరాలు.

"ఓడితే ఇంటికి పోవచ్చురా, ఎంత బాగుంటుందో" అంది రేవతి, ఏమంటారో చూద్దామని.

చుక్కన్న నవ్వాడు. "మా ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరక్కా. చిన్నప్పట్నుంచీ జాతర పోతు అనేవాళ్ళు. చుక్కన్న అని పేరు పెట్టింది టీచరుగారే. ఈ బడి మూసేస్తే నేను ఇంటికి పోను, దార్లోనే ఎటైనా పోతాను."

"నాకైతే మెడకో తాడూ, ఆడించేవాడి డోలూ కాసుక్కూచున్నాయి" అన్నాడు కొండయ్య.

"నన్నయితే అడగనే అడక్కండి" అంది వరాలు. ఎవరూ అడగలేదు.

రేవతి మళ్ళీ పాచి గీకడం మొదలెట్టింది. నలుగురిలో పోవాలనిపించే ఇల్లున్నది తనకొక్కదానికే. అది తెలిశాక ఇంటి మీద బెంగ తగ్గిందంటారా? రవ్వంత కూడా తగ్గలేదు. అమ్మ మెడకి తల ఆనించి పడుకోవాలని ఉంది, ఎల్లుండే పడుకోవాలని ఉంది. ఆ కోరికా, చుక్కన్న నవ్వూ రెండూ పడవ అడుగు నున్నబడేదాకా ఆమెని వదల్లేదు.

మర్నాడు ఎండెక్కకముందే పందెం మొదలైంది. రెండు ఒడ్లనా జంతువులు కిక్కిరిశాయి. పోలమ్మ టీచరు మెడదాకా నీళ్ళలో దిగి, పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే ముట్టెతో తాకి, "గెలవమని నేను చెప్పను. లెక్క తప్పొద్దు, అంతే" అంది.

"ఆయ్, అలాగేనండి" అన్నారు నలుగురూ.

పడవలు ఎగువకి కదిలాయి. హైలెస్సా అంటూ సన్యాసయ్య గొంతెత్తాడు. రెల్లు పక్కకి తొలగగానే దిగువ మలుపులో తెల్ల గీత తేలింది, మామ రెండు చెవుల మధ్యా కుదురుగా నిలిచింది. ఎగువలంక పడవలోని ముంగిసలు బలంగానే లాగుతున్నాయి గానీ వాళ్ళ తెడ్లు తలా ఒక దారి. సగం దూరానికి మన పిల్లలు బారెడు ముందున్నారు.

అప్పుడు సన్యాసయ్య తుమ్మాడు.

రేవతి గిట్టలు వాటంతట అవే వదులయ్యాయి. తెడ్డు గాల్లో ఆగిపోయింది. ఆమెని చూసి వేసే ముగ్గురూ తడబడ్డారు, ముంగిసల పడవ పక్కనుంచి దూసుకుపోయింది. ఎదురుగా తెల్ల గీత ఎండకి మెరుస్తోంది. రేపు, అనుకుంది రేవతి. రేపు పొద్దుటికి.

"రేవతక్కా, ఏమైందే? నొప్పెట్టిందా?" వెనకనుంచి చుక్కన్న రొప్పుతూ అడిగాడు. తిట్టలేదు. ఆ గొంతులో ఉన్నది ఆమె మీద దిగులే.

రేవతి పళ్ళు బిగించి తెడ్డు ముంచింది.

మామ కళ్ళెర్ర చేసి మళ్ళీ తుమ్మాడు, ఈసారి ఇంకా గట్టిగా.

"రెండు తుమ్ములు! శుభం, శుభం! లాగండ్రా!" అని కొండయ్య కేక పెట్టాడు. ఒక తుమ్ము అపశకునమైతే రెండోది దాన్ని కొట్టేస్తుందని గోదారి ఒడ్డున పుట్టిన ప్రతివాడికీ తెలుసు. పాపం సన్యాసయ్య ఆ ఒక్కటీ మర్చిపోయాడు. పిల్లలు రెట్టించి లాగారు. తుమ్మితే ఊడే ముక్కులా అయింది పీతల బుట్ట.

ఇక లాభం లేదనుకుని మామ చుక్కాని మీద చెయ్యి వేశాడు. ఎడమ పక్క ఎకరాలకొద్దీ గుర్రపుడెక్క మేట వేసుకుని ఉంది. అందులో దూరిన పడవ సాయంత్రందాకా బయటికి రాదు. చుక్కానిని మెల్లగా, మెల్లగా తిప్పాడు. తెడ్లు వేసేవాళ్ళకి ముందు కనపడదు కదా, ఎవరికి తెలుస్తుంది?

తెల్ల గీత మామ ఎడమ చెవి మీదకి జరిగింది. రేవతి చూస్తుండగానే చెవి దాటి అవతలికి పోయింది.

 ఆమెకి కోపం వచ్చింది, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ రానంత కోపం. రెండేళ్ళుగా తనకున్నది ఆ పిసరంత గీత. దాన్ని చూపించి తనని బుట్టలో వేసుకున్నాడు, ఇప్పుడు దాన్ని కూడా పక్కకి నెట్టేస్తున్నాడు.

"మామా, పడవ వంకర పోతంది."

"నోర్ముయ్యి! గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన? ముందేముందో చూసేది నువ్వా, నేనా?"

"నువ్వే మామా. వెనకేముందో చూసేది నేను. మా చాకిరేవు నీ చెవి దాటిపోయింది." రేవతి తల తిప్పకుండానే గొంతెత్తింది. "చుక్కన్నా, వరాలూ! కుడిచేతి తెడ్లు మీవే కదా, గట్టిగా లాగండి! ఇంకా, ఇంకా! మా ఊరు మళ్ళీ మధ్యలోకి రావాలి!"

"దాని మాట వినకండ్రా! ఇంటి మీద పిచ్చి దానికి! ఓడిపోదామనే చూస్తంది!" అని మామ అరిచాడు.

"నిజమే. పిచ్చే నాకు" అంది రేవతి. "అందుకే ఆ రేవు ఎటుందో నేను తప్పు చెప్పను. లాగండి!"

మామ లేచి నిలబడి ఒంటి బరువంతా చుక్కాని మీద మోపాడు. సరిగ్గా అప్పుడే నలుగురూ ఒక్కసారిగా లాగారు. పడవ ఎగిరినట్టు ముందుకి ఉరికింది. పడవ వెళ్ళింది గానీ మామ వెళ్ళలేదు. ఊడొచ్చిన చుక్కానిని వాటేసుకుని వెనక్కి వెల్లకిలా గోదాట్లో పడ్డాడు.

చుక్కాని లేదు, దారి చెప్పేవాడు లేడు. మామ కూచున్న చోట ఇప్పుడు ఏ అడ్డమూ లేక తెల్ల గీత మొత్తం కనపడుతోంది. పడవ తోక దాని మీదనుంచి చెదరకుండా చూసుకుంటూ రేవతి లాగింది. కుడి అంటే కుడివాళ్ళూ, ఎడమ అంటే ఎడమవాళ్ళూ లాగారు. ఎంత గట్టిగా లాగితే ఊరు అంత దూరమవుతోంది. ఆ సంగతి ఆమెకి తెలుసు, తెలిసే లాగింది. ఏడుస్తూ లాగింది. పందెం ముగిసే ఎగువలంక గుంజని ముంగిసల కన్నా మూరెడు ముందు తాకారు.

ఒడ్డంతా హోరెత్తిపోయింది. వరాలు బురదలో పడి దొర్లింది. చుక్కన్న చిందులేస్తూ, "అక్కా! ఇంకో రెండేళ్ళు నేను చుక్కన్ననే!" అని అరిచాడు.

రేవతి మాత్రం దిగువకి చూస్తోంది. చుక్కాని చెక్క మీద సన్యాసయ్య ప్రవాహంలో కొట్టుకుపోతున్నాడు. ఎటు పోతున్నాడో ఆమెకి తెలుసు. ఆ నీళ్ళు నేరుగా చాకిరేవుకే పోతాయి. తను రెండేళ్ళుగా పోవాలని ఏడ్చిన చోటికి, అక్కర్లేనివాడు పొద్దెక్కేలోపు చేరిపోతాడు. ఆ క్షణంలో ఆమె నక్కని చూసి అసూయపడింది.

"మామా!" అని గొంతు చించుకుని అరిచింది. "మా అమ్మ కనపడితే నేను బాగున్నానని చెప్పు!"

అరిచాక కూలబడి, వెనకాలే ఈదుకుంటూ వచ్చిన పోలమ్మ టీచరు మెడకి తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. టీచరు నెమరు ఆపేసి అలాగే నిలబడింది.

రేవులో ఏం జరిగిందో తర్వాత కాకులు చెప్పాయి. కొట్టుకొచ్చిన నక్కని చాకలి వీరాసామి ఏదో మాసిన బొంత అనుకుని, తీసి బండకేసి ఒక్క బాదు బాదాడట. అది కుయ్యోమన్నాక గానీ వదల్లేదు. లేవబోతే ఎదురుగా ముసలి గాడిద వెనక్కి తిరిగి నిలబడి ఉంది.

"లంక నుంచేనా రావడం? మా అమ్మాయి ఎలా ఉంది?" అని అడిగిందట.

ఆ వెనక్కాళ్ళు చూశాక అబద్ధమాడే ధైర్యం సన్యాసయ్యకి చాల్లేదు. "బాగుందొదినా" అన్నాడు వణుక్కుంటూ. "నేను చెడగొడదామన్నా చెడలేదు."

వచ్చిన దారి మరవనివాణ్ణి దారి తప్పించడం నక్క తరం కూడా కాదు.