ఆకుమందం కోత

అనగనగా, గడియారాలింకా పుట్టని కాలంలో, ఉప్పుటేరు పక్కన ఒక తాటితోపు ఉండేది. తోపు అంచున మట్టిగోడల ప్రార్థన మందిరం, దాని మీద చెక్క సిలువ.

ఈ కథ చెప్పడానికి నేను తగినవాణ్ణి కాను. వేకువ ప్రార్థనకి మోకరించి, మొదటి మాట దగ్గరే కునుకు తీసేవాణ్ణి. అయినా మెలకువ కథ కునికేవాడు చెబితేనే నమ్మబుద్ధేస్తుంది.

ఆ తోపులో ఫిలేమోను అనే గీతగాడు ఉండేవాడు. తాటిగెల కొసని కత్తితో గీసి, కారే తీపి నీరాని కుండలో పట్టడం ఆయన పని. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చెట్టెక్కాలి. ఎక్కిన ప్రతిసారీ గెలని ఆకుమందం గీయాలి, కుండకి కొత్తగా సున్నం పూయాలి. గీయకపోతే కోత ఎండుతుంది. పూయకపోతే నీరా పులుస్తుంది. నలభై ఏళ్లుగా ఇంతే. ఆయన మోకాళ్లు మొదట్లో మొరపెట్టాయి. వినేవాడు లేక అదీ మానుకున్నాయి.

ఒక ఏడు, పునరుత్థాన పండుగకి ముందొచ్చే శ్రమల దినాల్లో, ఆయన భార్య రూతమ్మకి విషజ్వరం వచ్చింది. జ్వరం దిగింది గాని గంజి కూడా కడుపులో నిలవలేదు. తీపి నీరా ఒక్కటే నిలిచింది.

"పూటపూటా తాజాగా పట్టించు. పండగనాటికి లేచి కూర్చుంటుంది. నీరా రెండు రోజులు ఆగిందా, ఇక నా చేతుల్లో లేదు," అన్నాడు వైద్యుడు.

అప్పటికి నీరా ఇస్తున్న చెట్లు మూడే.

ఫిలేమోనుకి చెట్టెక్కడంలాగే ప్రార్థన కూడా బరువైపోయింది. వారమంతా పెదవి కదిపేవాడు కాదు. ఆదివారం మాత్రం మందిరంలో ఏడు రోజులదీ ఒక్క ఊపున కానిచ్చేవాడు. ఆయన "ప్రభువా" అని లేచాక ఆడవాళ్లు ఇంటికెళ్లి, కూర కలియబెట్టి వచ్చినా, ఇంకా "ఆమేన్" వచ్చేది కాదు.

'ప్రార్థనకి పనికొచ్చిన ఉపాయం చెట్టుకి పనికిరాదా?' అనుకున్నాడు.

మొదటి చెట్టెక్కి, వారానికి సరిపడా లోతుగా గీశాడు. ఆ పూట కుండ పొంగింది. మర్నాటికి గెల వడలి నల్లబడింది. నలభై ఏళ్లు గీసినవాడికి ఇది తెలియదా అంటారు. తెలుసు. అలసట ఉందే, మనిషికి బాగా తెలిసినదాన్నే ముందు మరిపిస్తుంది.

రెండో చెట్టుకి పెద్ద కాగు కట్టాడు. నాలుగు పూటల సున్నం ఒకేసారి పూసి, మర్నాటిదాకా అటు పోలేదు. తెచ్చిచ్చిన నీరా ఒక్క గుక్క తాగి రూతమ్మ మొహం చిట్లించింది.

"ఏమయ్యా, ఇది తాగమని ఇచ్చావా, గోడకి వెయ్యమని ఇచ్చావా?"

నవ్వబోయి దగ్గింది. ఆ గుక్కా కక్కేసింది. అటు చెట్టు మీద కోత ఎండి పెచ్చు కట్టింది.

ఇక మిగిలింది మూడో చెట్టు. ఫిలేమోను దాని మొదట్లో చతికిలబడ్డాడు. పక్కనున్న తాటిమోడు తొర్రలోంచి ఒక గోరింక తల బయట పెట్టింది.

"ఏం తాతా, చెట్టే దిగి వస్తుందని కూర్చున్నావా?"

"పొద్దున ఎక్కానుగా అమ్మా."

"నేనూ పొద్దున పిల్లలకి పెట్టానుగా! ఆ మాట చెబితే నోళ్లు మూస్తాయా? చూడు, ఎలా తెరిచాయో."

"నీకు రెక్కలున్నాయి."

"రెక్కలకి నొప్పి ఉండదని నీకెవరు చెప్పారు?"

ఫిలేమోను తల వంచుకున్నాడు. "పండగదాకా రోజూ ఎక్కాలని తలుచుకుంటేనే సత్తువ పోతోంది."

"పండగదాకా ఎక్కమని ఎవరన్నారు? ఈ పూటకి ఎక్కు," అని గోరింక పురుగుల వేటకి ఎగిరిపోయింది.

ఆయన లేచాడు. పెద్ద ప్రార్థనేదీ నోటికి రాలేదు. "ప్రభువా, ఈ పూటకి," అన్నాడు. సగం చెట్టు దగ్గర ఆగి మళ్లీ అదే అన్నాడు. మట్టల మధ్యకి చేరాక మూడోసారి అన్నాడు.

లోతుగా గీసేద్దామని చెయ్యి లాగింది. ఆపుకున్నాడు. ఎండబోతున్న కోత మీద ఆకుమందం గీశాడు. ఏమీ రాలేదు. కాచుకున్నాడు. చాలాసేపటికి గెల కొసన ఒక చుక్క మెరిసింది. దాని వెనకాలే ఇంకొకటి.

రూతమ్మ ముంతెడూ తాగింది. కడుపులో నిలిచింది.

"తియ్యగా ఉందయ్యా. సాయంత్రం కూడా తెస్తావా?"

"తెస్తా," అన్నాడు, మోకాళ్లకి వినబడకుండా.

పండగనాడు రూతమ్మ మందిరంలో గోడకి ఆనుకుని కూర్చుంది. పాటలు సగంలో ఉండగానే ఫిలేమోను లేచి తోపుకి నడిచాడు. మధ్యాహ్నం పూట చెట్టు ఇంకా ఎక్కలేదు మరి. అలసట తీరిందా అంటే, తీరలేదు. అది రోజూ ఆయనకంటే ముందే లేచేది. కాని ఏ పూట సత్తువ ఆ పూటకి అందేది.

పిల్లలూ, పెద్దలూ! చెట్టులో నీరా ఉంటూనే ఉంటుంది, దేవునిలో కృప ఉంటూనే ఉంటుంది. ఎండిపోయేది మన కోత, దాన్ని ఏ రోజుకారోజు ఆకుమందమైనా కొత్తగా గీసుకోవాలి.