టెక్కయ్య ఎంచుకున్న కెమెరా

ఇప్పలకోన అనే అడవిలో కోతులు, కొండముచ్చులు, జింకలు, అడవిపందులు, ఎలుగుబంట్లు కలిసిమెలిసి బతికేవి. అడవి నడుమ గరికబయలు అని ఒక పెద్ద మైదానం ఉండేది. ఆ మైదానంలో గోరింట అనే ఎర్రగుర్రం ఉండేది. ఇప్పలకోనలో పుట్టిన ప్రతి కోతిపిల్లా, ప్రతి కొండముచ్చుపిల్లా గోరింట వీపు మీదే స్వారీ నేర్చుకుంది. అబ్బో, ఆ రోజులే వేరు పిల్లలూ!

అలా నేర్చుకున్నవాళ్ళలో కొండముచ్చు టెక్కయ్య ఒకడు, కోతి గురివింద ఒకతె. చిన్నప్పుడు టెక్కయ్య ఎన్నిసార్లు జారిపడ్డాడో లెక్కే లేదు. వాడు పడినప్పుడల్లా గోరింట టక్కున ఆగిపోయేది. తల వంచి, "లేరా నాయనా, ఏం కాలేదులే" అనేది. వాడు ఏడుపు దిగమింగి, ఆమె జూలు పట్టుకుని మళ్ళీ పైకి పాకేవాడు. వానాకాలంలో తడిసిన గరిక వాసన, గోరింట వీపు వెచ్చదనం, చెవుల్లో హోరుమనే గాలి. పెద్దయ్యాక కూడా టెక్కయ్యకు కళ్ళు మూసుకుంటే అవే గుర్తొచ్చేవి. ఇప్పుడు అడవిలో వాడిని మించిన రౌతు లేడు. ఆ సంగతి అందరికీ వాడే చెప్పేవాడనుకోండి, అది వేరే విషయం.

ఏళ్ళు గడిచాయి. గోరింట మోకాళ్ళు అరిగిపోయాయి. ఒకరోజు ఎలుగు వైద్యుడు ఆమె కాళ్ళు నొక్కి చూసి పెదవి విరిచాడు. "ఈ పున్నమి దాటాక ఇక నువ్వు ఎవరినీ ఎక్కించుకోకూడదమ్మా. పరుగు మాటే మరిచిపో" అన్నాడు.

"అలాగేనయ్యా. కానీ ఆలోపల టెక్కయ్యనీ గురివిందనీ చెరో చుట్టు తిప్పుతాను. నా వీపు మీద పెరిగిన పిల్లలు వాళ్ళు" అంది గోరింట.

"చెరో చుట్టు. అంతే! మళ్ళీ ఇంకోటి అన్నావంటే నీ కాళ్ళు నీకు మిగలవు" అని గట్టిగా చెప్పి వెళ్ళాడు వైద్యుడు.

ఆ మాట విని టెక్కయ్య గుండె కలుక్కుమంది. ఇన్నేళ్ళు స్వారీ చేశాడే గానీ, గోరింట మీద తను ఎలా ఉంటాడో తను ఒక్కసారీ చూసుకోలేదు. వీపు మీద కూర్చున్నవాడికి గుర్రం చెవులు తప్ప ఇంకేం కనిపిస్తాయి? ఆ చివరి స్వారీని వీడియో తీసి దాచుకోవాలనుకున్నాడు. గురివిందకూ అదే కోరిక. కానీ తీసేదెవరు? జింకలకు చేతులు లేవు. కోతుల చేతికి కెమెరా ఇస్తే ఇంకేమన్నా ఉందా! స్వారీ సంగతి గాలికొదిలేసి పళ్ళికిలించి తమనే వీడియో తీసుకుంటూ కూర్చుంటాయి.

అందుకని ఇద్దరూ మద్దిచెట్టు కింద ఉన్న కాకి నల్లప్ప కొట్టుకు వెళ్ళారు. దానంతట అదే తల తిప్పుకుంటూ తీసే కెమెరాలు నల్లప్ప దగ్గర ఉన్నాయి. వాటిలో రెండు తీసి ముందు పెట్టాడు. ఒకటి పెద్ద కన్నుతో నిగనిగా మెరిసిపోతోంది. ఇంకొకటి చిన్నది, బూడిద రంగుది. దానితోపాటు ఒక బిళ్ల కూడా ఉంది.

"పెద్దదానికి బిళ్లా గిళ్లా ఏం అక్కర్లేదు. ఎదురుగా కదిలేదాన్ని తనే కనిపెట్టి, దాని వెంట తిరుగుతుంది. చిన్నదానికి మాత్రం బిళ్ల ఉండాలి. బిళ్ల ఎవరి ఒంటి మీద ఉంటే వాళ్ళనే చూస్తుంది. పక్కన ఏనుగు చిందులేసినా అటు తిరగదు" అన్నాడు నల్లప్ప.

"నల్లప్ప మామా, బయల్లో జింకలూ పందులూ తిరుగుతుంటాయి కదా. అప్పుడు ఈ పెద్దది ఎవరిని చూస్తుంది?" అని అడిగింది గురివింద.

నల్లప్ప తల గోక్కున్నాడు. "ఏమోనమ్మా! అది ఎటు తిరుగుతుందో నేనూ చెప్పలేను. ఒట్టు, అబద్ధం ఆడను."

టెక్కయ్య పకపకా నవ్వాడు. "నేను గుర్రమెక్కానంటే అడవి అడవంతా పనులు మానుకుని నన్నే చూస్తుంది. కన్నున్న యంత్రం నన్ను కాక ఇంకెవరిని చూస్తుందే? బిళ్ల కట్టుకుని తిరగడానికి నేనేమన్నా తప్పిపోయిన మేకపిల్లనా?"

"పోనీ, ముందు ఒకసారి తీసి చూసుకో బావా. మళ్ళీ దొరికే స్వారీ కాదిది" అంది గురివింద.

"పరీక్షలు నీలాంటివాళ్ళకే. నాకెందుకు?" అని టెక్కయ్య పెద్ద కెమెరాను చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

గురివింద చిన్నది తీసుకుంది. విలువైనదేదైనా తోకకు కట్టుకోవడం కోతుల అలవాటు. కొమ్మలు పట్టుకోవడానికి చేతులు ఖాళీగా ఉండాలి కదా మరి! అందుకే బిళ్లను తోక చివర కట్టుకుని చెట్ల కింద గెంతుతూ పరుగెత్తింది. తర్వాత చూసుకుంటే ఆకాశం, నేల, మళ్ళీ ఆకాశం, మళ్ళీ నేల! తోక ఎటు ఊగితే కెమెరా అటు ఊగింది. పొట్ట పట్టుకుని నవ్వుకుంది. ఈసారి బిళ్లను దండచేతికి బిగించి కట్టుకుని పరుగెత్తింది. అప్పుడు చక్కగా వచ్చింది.

పున్నమి నాటి ఉదయం అడవి అంతా గరికబయలుకు చేరింది. ముందు టెక్కయ్య తన కెమెరాను బయలు అంచున నిలబెట్టి ఎక్కాడు. నిజం చెప్పొద్దూ, అంత అందమైన స్వారీ ఇప్పలకోన ఎన్నడూ చూడలేదు. గోరింట తన నొప్పి మరిచి చిన్నదానిలా దూకింది. మలుపు దగ్గర టెక్కయ్య ఆమె మెడ మీదికి వంగి, "పెద్దమ్మా, నువ్వు బంగారం!" అని అరిచాడు. వాడి కళ్ళు చెమర్చాయి. గోరింట కాసేపు అలుపు తీర్చుకున్నాక, గురివింద తన కెమెరా నిలబెట్టి, బిళ్ల దండచేతికి కట్టుకుని ఎక్కింది. ఆమె స్వారీ మామూలుగానే ఉంది, కానీ శ్రద్ధగా చేసింది.

తర్వాత అందరూ కెమెరాల చుట్టూ మూగారు. టెక్కయ్య తన కెమెరా వెనకున్న చిన్న తెరను గర్వంగా అందరి వైపూ తిప్పాడు. మొదట వాడు గోరింటను ఎక్కడం కనిపించింది. అంతలో ఒక పందిపిల్ల సీతాకోకచిలుక వెంట పడింది. అంతే, కెమెరా పందిపిల్ల వెంట పడింది! ఆ తర్వాత జింకలు గెంతాయి, కెమెరా వాటి వెంట పోయింది. గోరింట డెక్కల చప్పుడు మాత్రం ఎక్కడో దూరంగా వినిపిస్తోంది.

"అమ్మా, నేనే! నేనే!" అని పందిపిల్ల చిందులేసింది. జంతువులన్నీ విరగబడి నవ్వాయి. టెక్కయ్య తెరను గబుక్కున తన వైపు తిప్పేసుకున్నాడు.

గురివింద తెర మీద మొదటి నుంచి చివరిదాకా గురివిందా, ఆమెను మోస్తున్న గోరింటా ఉన్నారు. ఎగిరే జూలు, చాచిన మెడ, నేలను తాకీ తాకని కాళ్ళు. గోరింట వంగి తనను తాను చూసుకుంది. "నేనింత బాగా పరుగెత్తేదాన్నా తల్లీ? నాకెప్పుడూ తెలియనే లేదు" అంది.

అప్పుడు గోరింట టెక్కయ్య దగ్గరికి వచ్చింది. "ఎక్కరా నాయనా. ఎలుగు చూడకముందే ఇంకో చుట్టు తిరిగొద్దాం" అని గుసగుసలాడింది.

టెక్కయ్య ఆమె జూలు మీద చెయ్యి వేశాడు. ఎక్కాలని ప్రాణం లాగేసింది. కిందికి చూస్తే ఆమె మోకాళ్ళు గజగజ వణుకుతున్నాయి. చెయ్యి తీసేశాడు.

"వద్దు పెద్దమ్మా. పొగరు నాది. దానికి నీ కాళ్ళెందుకు పోవాలి?" అన్నాడు. అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ తర్వాత గురివింద ఇప్పలకోనలో స్వారీ నేర్పే గురువైంది. గోరింట పరుగును పిల్లలకు చూపిస్తూ, ఎలా కూర్చోవాలో, ఎలా వంగాలో చెప్పేది. ఆ పిల్లల వెనక టెక్కయ్య కూడా కూర్చుని చూసేవాడు. ఒకరోజు ఒక కోతిపిల్ల వెనక్కి తిరిగి, "మామా, నీకూ స్వారీ వచ్చా?" అని అడిగింది.

"వచ్చమ్మా. గోరింటను అందరికన్నా బాగా నడిపింది నేనే" అన్నాడు టెక్కయ్య.

"ఏదీ, చూపించు మరి!"

టెక్కయ్య తల దించుకున్నాడు. కోతిపిల్ల కిసుక్కున నవ్వి, "పో మామా, అన్నీ కోతలే!" అని మళ్ళీ తెర వైపు తిరిగిపోయింది.

నీతి: మళ్ళీ రాని పనికి పనిముట్టు ఎంచుకునేటప్పుడు గొప్పలకు పోకూడదు, అది మన పనికి సరిపోతుందో లేదో ముందే వాడి చూసుకోవాలి.