ఉరుకుందమ్మ చేతులు

బిడ్డ పుట్టి ఆరు రోజులైంది. ఈ ఆరు రోజుల్లో తల్లి ఒక్కసారి కూడా బిడ్డ ఉన్న గది లోపలికి రాలేదు.

ఏడో నెలలోనే పుట్టిన ఆడపిల్ల. మొదటిరోజు పదమూడు వందల గ్రాములు తూగింది. ఇవాళ దానికి నూటనలభై తక్కువ. డబ్బా పాలు పడటం లేదు, పొట్ట ఉబ్బుతోంది. ఆ ప్రాణానికి ఇప్పుడు తల్లిపాలే మందు. తల్లేమో పాలు రావడం లేదంటుంది. చేత్తో పిండి చూడమని నర్సులు స్టీలు గిన్నె చేతికిస్తే, ఖాళీగా తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి పోతుంది.

డాక్టర్ ప్రభుదాస్‌కి అదే మింగుడుపడటం లేదు. ఎందుకంటే ఈ సంగతులన్నీ చెప్పడానికే అతను ఒక కాగితం రాశాడు.

మామూలు కాగితం కాదు మరి! నెల రోజులు కూర్చుని రాశాడు. నాలుగు పేజీలు, బొమ్మలతో సహా. బిడ్డ ఒంటికి ఆ తీగలెందుకు, మిషను కుయ్యిమంటే భయపడాలా అక్కర్లేదా, ఒళ్ళు పచ్చబడితే నీలం లైటు కింద ఎందుకు పడుకోబెడతారు, చేతులు మోచేతుల దాకా ఎలా కడగాలి, బిడ్డను ఎలా తాకాలి, గుండెలకి ఎలా ఆనించుకోవాలి. అన్నీ తేట తెలుగులో రాసి, సొంత ఖర్చుతో అచ్చు వేయించి, వచ్చిన తల్లిదండ్రులందరి చేతుల్లోనూ పెట్టేవాడు. చదువు రానివాళ్ళకి తనే చదివి వినిపించేవాడు. దాన్ని పెద్ద మేడమ్‌కి చూపించినప్పుడు ఆవిడ మొదటినుంచి చివరిదాకా చదివి, "బాగుంది నాయనా. అక్షరాలు పెద్దవిగా వేయించావు" అంది. అంతకంటే ఒక్క ముక్క అనలేదు. అతను కాస్త నొచ్చుకున్నాడు కూడా.

పెద్ద మేడమ్ అంటే డాక్టర్ సువర్చల గారు. ముప్పై ఏళ్ళుగా ఆ సర్కారు ఆసుపత్రిలో పురిటిపిల్లల్ని చూస్తోంది. మాట తక్కువ మనిషి. ఆవిడ దగ్గర పని నేర్చుకోవాలనే ప్రభుదాస్ ఆ ఊరికి అడిగి మరీ పోస్టింగు వేయించుకున్నాడు.

ఆ ఉదయం బిడ్డ తండ్రి లింగన్న వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రేపు తీస్కపోతాం సార్. మా ఊరికి."

"తీసుకుపోతే బతకదయ్యా!" అన్నాడు ప్రభుదాస్. గొంతు తనకే గట్టిగా వినబడింది.

"తల్లి పాలు ల్యాకపోతే ఈడున్నా అంతే గద సార్. యాడ సంతకం పెట్టమంటే ఆడ పెడతా."

అతనికి కోపం, దుఃఖం రెండూ ఒకేసారి పొంగాయి. నేరుగా పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్ళాడు.

"నాలుగుసార్లు చదివి వినిపించాను మేడమ్. ప్రతిదానికీ తలూపుతుంది. గోడకి చెప్పినా ఈపాటికి కరిగేది. కన్నబిడ్డని తాకడానికి కూడా మనసొప్పని తల్లి ఉంటుందా?"

ఆవిడ లేచి అతని వెనకే వరండాలోకి వచ్చింది.

బిడ్డ తల్లి ఉరుకుందమ్మ కొళాయి దగ్గర ఉంది. సబ్బు రాసుకుంటోంది, కడుగుతోంది, మళ్ళీ రాసుకుంటోంది. చేతులు కడుక్కుని, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుని, మళ్ళీ సబ్బు అందుకుంది.

"చేతులు మాత్రం బాగా కడుగుతుంది మేడమ్" అన్నాడు ప్రభుదాస్. "నా కాగితంలో ఆ ఒక్క ముక్కే తలకెక్కినట్టుంది."

పెద్ద మేడమ్ ఆమె పైట వైపు చూసింది. తర్వాత అతన్ని చూసింది. అప్పుడు చూశాడతను. పైట గుండెల దగ్గర తడిసి ఉంది. కొళాయి నీళ్ళు అంత పైకి చిందవు.

ఆవిడ వెళ్ళి గోడవార నేలమీద కూర్చుంది. ఉరుకుందమ్మ గాభరా పడి తనూ కూర్చుంది.

"ఎన్నిసార్లు కడిగావమ్మా?"

"లెక్క ల్యాదు మేడమ్."

"పోలేదా?"

ఉరుకుందమ్మ తల దించుకుంది. "పోయినట్టే ఉంటాది. మళ్ళీ ఉన్నట్టుంటాది."

"ఏం కోస్తున్నావు?"

"మిరపకాయ, మేడమ్. నొప్పులొచ్చేదాకా చేన్లోనే ఉంటి."

 కేసు షీటులో 'కూలి' అని ప్రభుదాస్ చేతిరాతే ఉంది. ఏం కూలి అని అడగాలని అతనికి తోచలేదు.

అడిగినవాళ్ళు దొరికేసరికి ఆమె నోరు పెగిలింది. "మా పెద్దోడు చిన్నబిడ్డప్పుడు చేన్లోంచి వచ్చి ఎత్తుకుంటి మేడమ్. సబ్బుతో కడిగే ఎత్తుకుంటి. వాని కంటికి నా చెయ్యి తగిలె. తెల్లార్లూ ఏడ్చినాడు. మూడు దినాలు కన్ను తెరవల్యా." ఆమె లోపలి గది వైపు చూసింది. "వాడు గట్టోడు, ఏడ్చి చెప్పినాడు. ఈ పిల్లకి ఏడ్చే సత్తువ కూడా ల్యాదు. నేను తాకి మండినా చెప్పల్యాదు గదా. పాలు పిండుదామన్నా ఈ చేతులతోనే గదా పిండాల. ఈ మాట చెప్తే నగుతారని నాకు భయం."

పెద్ద మేడమ్ నవ్వలేదు. భయపడకు, ఏమీ కాదు, అని కూడా అనలేదు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఉరుకుందమ్మ కుడిచెయ్యి పట్టుకుని, నానినాని తొక్కలు లేచిపోయిన ఆ అరచేతిని తన కంటికి ఆనించుకుంది.

"అయ్యో, వద్దు మేడమ్!"

ఉరుకుందమ్మ చెయ్యి లాక్కోబోయింది. ఆవిడ వదల్లేదు. కనురెప్పమీద ఆ వేళ్ళను అటూ ఇటూ రుద్దుకుంది. ఆ తర్వాత రెండో కన్ను, రెండో చెయ్యి. వరండాలో బెంచీల మీద ఉన్నవాళ్ళంతా మాటలాపి చూస్తున్నారు. ఆవిడ కళ్ళు మూసుకుని అలాగే కూర్చుంది. 

ఆవిడ కళ్ళు తెరిచి ముఖం ముందుకి వంచింది.

"చూడు. ఎర్రబడ్డాయా?"

ఉరుకుందమ్మ దగ్గరగా వంగి, ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను, ముత్యం కొనేవాళ్ళలా పరీక్షగా చూసింది.

"ల్యా" అంది. అని, ఆరు రోజులుగా ఆపుకున్నదంతా ఒక్కసారి భోరుమంది.

ఆవిడ ఆమెను ఏడవనిచ్చింది. తర్వాత కొళాయి దగ్గరికి తీసుకెళ్ళి, "ఒక్కసారి కడుగు. చాలు" అంది.

లోపల, వెచ్చటి దీపం కింద బిడ్డ పడుకుని ఉంది. ఉరుకుందమ్మ చాలాసేపు చూస్తూ నిలబడింది. బిడ్డ కంటికి ఎంత దూరం వీలైతే అంత దూరం చూసుకుని, ముందు మడమని తాకింది. బిడ్డ ఏడవలేదు. పిక్క మీదికి, కడుపు మీదికి, చివరికి తలమీదికి చెయ్యి వచ్చింది. అక్కడ ఆగి, ఇక కదలలేదు.

ఆ మధ్యాహ్నం స్టీలు గిన్నె ఖాళీగా రాలేదు. లింగన్న సంతకం మాట ఎత్తలేదు. గిన్నెలో ఎన్ని పాలున్నాయో చూడటానికి మాత్రం రెండుసార్లు తలుపు దగ్గరికి వచ్చాడు.

సాయంత్రం డ్యూటీ దిగేముందు ప్రభుదాస్ పెద్ద మేడమ్ దగ్గరికి వచ్చాడు. మొహం చిన్నబోయి ఉంది.

"మేడమ్, కాగితంలో ఇది కూడా చేరుస్తాను. మిరపకాయలు కోసే తల్లుల గురించి."

ఆవిడ సంచీ భుజాన తగిలించుకుంది.

"చేర్చు నాయనా. రేపు వచ్చే తల్లి మిరపకాయలు కొయ్యదు."

అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అప్పుడే వరండాలోకి ఎవరో కొత్త మనిషి వచ్చాడు. చొక్కా నిండా ఇటికెల దుమ్ము. లోపలికి తీసుకెళ్ళిన బిడ్డ తాలూకు తువ్వాలు చేతిలో పట్టుకుని, ఎక్కడ నిలబడాలో తెలియక తలుపు పక్కన నేలమీద కూలబడ్డాడు.

ప్రభుదాస్ చెయ్యి అలవాటుగా కాగితం మీదికి వెళ్ళింది. సగం బయటికి తీసినదాన్ని మళ్ళీ జేబులోకి తోసి, అతను వెళ్ళి ఆ మనిషి పక్కన నేలమీద కూర్చున్నాడు.